మిషనమ్మ అమ్మిన ముప్పై ఒక్క ఆటలు

ఆటల అంగడి ఆఫీసరు గారికి,

నన్నందరూ మిషనమ్మ అంటారు. వయసు డెబ్బై నాలుగు. బట్టలు కుడతాను. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన, మనవరాలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ఎదురింటి లెక్కల మేష్టారు రాస్తున్నారు.

మా పిల్ల రెండేళ్లు కూర్చుని ఒక్కతే ఒక కంప్యూటరు ఆట చేసింది. వాన పడే వీధిలో గొడుగులు బాగుచేసే ఆట. బొమ్మలు తనే గీసింది, పాట తనే కట్టింది, ఒక్కో చినుకునీ విడివిడిగా రాల్చింది. గొడుగుకో సబ్బు ప్రకటన పెడితే డబ్బులొస్తాయని ఎవరో చెబితే, "వాన చెడిపోతుంది నానమ్మా" అంది. ఆట అమ్ముకునే బతుకుతానని మీ అంగడిలో పెట్టింది. వందకి ముప్పై మీ వాటా అన్నారు, సరేనంది. తీరా ముప్పై ఒకటి అమ్ముడుపోగానే డబ్బు ఆపేశారేం? నెలాఖరుకి అందకపోతే ఆటలు మానేసి బ్యాంకు ఉద్యోగంలో చేరతానంటోంది. ఆ చేతులు పుట్టింది ఆ పనికా?

ఇట్లు,
మిషనమ్మ (వేలిముద్ర)

తా.క. నా తిట్లు రాయనని మేష్టారు మొండికేశారు. ఖాళీ ఉన్నచోటల్లా అవి ఉన్నాయనుకుని చదువుకోండి.

*

అమ్మగారికి నమస్కారం.

ఆ ముప్పై ఒకటీ ఒకే రోజు, ఒకే వీధిలో కొన్నారు. ఒక్కరూ ఆట తెరిచి చూడలేదు. గిరాకీ ఉన్నట్టు చూపించడానికి, తయారుచేసినవాళ్లే దొంగపేర్లతో కొనుక్కోవడం మేం చాలా చూశాం. కొన్నవాళ్లు నిజంగా ఉన్నారని రుజువు పంపండి.

ఇట్లు,
లెక్కల విభాగం గుమాస్తా

*

గుమాస్తా గారికి,

ఉన్నారా అని అడుగుతారా! అందరి నడుం కొలతలూ నా దగ్గరున్నాయి, జతచేశాను. బేకరీ ఆయనది నలభై నాలుగు, బయట అనకండి. ఆట కొన్నవాళ్లకే బట్టలు కుడతానన్నాను, కొన్నారు. తెరవలేదంటే ఏం తెరుస్తారు? సగంమందికి కంప్యూటరే లేదు.

ఇట్లు,
మిషనమ్మ (వేలిముద్ర)

తా.క. వాళ్లలో మా ఆయనా ఉన్నాడు. ఆయన్ని ఏమీ బలవంతపెట్టలేదు. ఒకసారి అలా చూశానంతే.

*

అమ్మగారూ,

కొలతలు చేరాయి. మనుషులు నిజమేనని నమ్మాం. కానీ బెదిరించి అమ్మడం ఇంకా పెద్ద తప్పు. అందుకని ముప్పై ఒక్కమందికీ విడిగా ఉత్తరాలు రాశాం. పది రోజుల్లో ఆడి అభిప్రాయం రాయమన్నాం. ఇష్టం లేనివాళ్లకి డబ్బు వాపసు ఇస్తాం.

ఇట్లు,
గుమాస్తా

*

గుమాస్తా గారికి,

మా పిల్ల కంప్యూటరు ముందు కుర్చీ వేసి వంతులు పెట్టాను. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. బేకరీ ఆయన ఆటలో ఎవరో ముసలాయన గొడుగు బాగుచేసి, కళ్లు తుడుచుకుంటూ పోయాడు. మా పిల్ల తలుపుచాటున నిలబడి అది చూసింది. ఆ మొహం మీరు చూసుంటే నాకు ఉత్తరాల ఖర్చు తప్పేది. నెలాఖరు నాలుగు రోజుల్లో ఉంది.

ఇట్లు,
మిషనమ్మ (వేలిముద్ర)

*

అమ్మగారికి,

ముప్పైమంది వాపసు వద్దన్నారు. బేకరీ ఆయన ఇలా రాశారు: "గొడుగు బాగుచేశాను. ఏడ్చాను. నా ప్యాంటు మాత్రం ఇంకా రాలేదు." అభిప్రాయాలు అంగడిలో ఆట పక్కనే అందరికీ కనిపిస్తాయి. అది చదివి నవ్వుకుని, మీ వీధి మొహమెరగనివాళ్లు ఆరువందలమంది కొన్నారు. నేనూ కొన్నాను. వానలో దీపం చుట్టూ చినుకులు చూస్తూ చాలాసేపు గొడుగు సంగతే మరిచిపోయాను. ఎంత పనిమంతురాలండీ మీ మనవరాలు! డబ్బు ఈరోజే పంపాం.

ఇట్లు,
గుమాస్తా

తా.క. వాపసు అడిగింది ఒక్కరే, మీవారు. కారణం: "మా ఆవిడ ఆ కుర్చీ వదలడం లేదు. నా వంతు ఇంతవరకూ రాలేదు."

*

గుమాస్తా బాబుకి,

డబ్బు అందింది. బ్యాంకువాళ్లకి రానని చెప్పేసి మా పిల్ల రెండో ఆట మొదలుపెట్టింది.

కుర్చీ సంగతి నిజమే. నూట పన్నెండు గొడుగులు బాగుచేశాను. మనవరాలు చేసిందని కాదు, ఆ వానలోంచి లేవబుద్ధి కాదు.

మా ఆయన ఫిర్యాదు మానుకుంటున్నాడు, తన పూర్తి ఇష్టంతో.

ఇట్లు,
మిషనమ్మ (వేలిముద్ర)

సాక్షులు: లెక్కల మేష్టారు (సంతకం), మనవరాలు (సంతకం), మా ఆయన (వేలిముద్ర, కదలకుండా వేలు నేనే పట్టుకున్నాను).