ఖల్ఫాన్ బాబా తుపాకీలో మా లింబాద్రి చేసిన సీల

కల్బా,
జనవరి 2024

పాత ఆయుధాల అనుమతి కాగితాలు చూచు పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ తనిఖీలో ఉన్న పాత తుపాకీ లీవరు సీలను మార్చకుండా అట్లే ఉంచవలెనని.

కల్బాలో ఖల్ఫాన్ బాబా గారి ఇంట్లో వంట చేసే అంజవ్వ అను నేను వ్రాసుకొను మనవి ఏమనగా, తుపాకీ ఇప్పించమని బాబా గారు అరబ్బీలో వేరే అర్జీ పెట్టుకున్నారు. ఆయనది తుపాకీ కోసం. నాది అందులోని సీల కోసం. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. టైపింగ్ సెంటర్‌లో పనిచేసే సమీనా దీన్ని అరబ్బీలోకి మారుస్తానని, ఒక్కో సంగతికి ఒక్కో అంకె వెయ్యమని చెప్పింది. వేశాను. సంగతులు అంకెల్లో ఒదగకపోతే తమరు మన్నించాలి.

1. సదరు తుపాకీ బాబా గారి తాతగారిది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈయనకు వచ్చింది. గుండు పేల్చే సూదిని తండ్రిగారి కాలంలోనే తీయించారు, ఆ సంగతి తనిఖీ చేసి తమవారు ఇచ్చిన కాగితంలోనూ ఉన్నది. ఇప్పుడది పెండ్లిళ్ళలో మగవాళ్ళు వరుసకట్టి ఆడుతూ గాలిలోకి ఎగరేసి పట్టుకోవడానికే. వచ్చే నెల బాబా గారి మనుమడు హుమైద్ పెండ్లి. తాత తుపాకీ ఎగరని పెండ్లి పెండ్లే కాదని బాబా గారి పట్టు.

2. అది ఏ తుపాకీయో మొదట ఎవరికీ తెలియదు. నిండా తుప్పు, నల్లటి జిడ్డు. కింద లీవరు అనే పిడి ఉంటుంది. దాన్ని గుంజితే లోపలి తలుపు దిగాలి. దాని సీల ఎప్పుడో ఊడిపోతే మేకతోలుతో కట్టి పెట్టారు. పాత సామాన్ల దుకాణం అతను చూసి, బజారులో చేసిన నకలు, గోడకు తగిలించుకోండి అన్నాడట. మా కొడుకు లింబాద్రి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో లేతు మిషను మీద పని చేసేవాడు. సెలవునాడు నన్ను చూడవస్తే బాబా గారు తుపాకీని వాని ముందు పెట్టి, "బేటా, యే మేరే దాదా కా బందూక్. ఠీక్ హోగా?" అని, తాత తుపాకీ బాగవుతుందా అని అడిగారు. మావాడు "హోగా బాబా" అన్నాడు. వానికి కాదనడం రాదు.

3. పక్క రేకు తెల్లగా ఎందుకున్నదని తమవారు రాసినారు. మావాడు అన్నం తింటుంటే నేను ఆ జిడ్డు చూడలేక చింతపండు, ఉప్పు వేసి ఇత్తడి బిందెను తోమినట్లు తోమాను. వాడు చేయి కడగకుండానే ఉరికి వచ్చాడు.

"అవ్వా! ఏం జేస్తున్నవే! గది ముంతనుకున్నవా?"

"ముంతనే నయం రా, గింత జిడ్డుండది."

"పాత ఇనుముకు పులుపు తగిల్తె ఖలాస్! ఇడువు!"

గుంజుకొని తుడిచి చూశాక వాని తిట్లు ఆగిపోయాయి. రేకు మీద కిరీటం, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు, ఎన్నడిదో ఒక సంవత్సరం. ఫోనులో బొమ్మలు వెతికి, "బాబా, నకల్ నహీ, అస్లీ! మార్టినీ-హెన్రీ!" అని వాకిట్లోకి ఉరికాడు. అది విలాయతులో చేసిన పాతకాలం తుపాకీ పేరట. బాబా గారు అప్పుడే ఆ దుకాణం అతనికి ఫోన్ చేసి నవ్విన నవ్వు వీధిలో వాళ్ళందరికీ వినబడింది. కావున అది చింతపండు. వేరే మందు ఏదీ కాదు.

4. సీలను మావాడు విరిగిన లారీ షాఫ్టు ముక్కతో లేతు మీద చేశాడు. మొదటిది లావైంది. తర్వాతది సన్నమైంది.

"నీ సీలలకన్న నా గారెలే నయం రా, అన్ని ఒక్క తీరుగుంటయ్" అన్నాను.

"అయితె నీ గారెనే తుపాకిల వెడ్త తియ్" అన్నాడు.

దాని తర్వాతది సరిగ్గా కూర్చుంది. "సీల అసలుది కాదు, మార్పించి తేవలెను" అని తమ కాగితంలో ఉన్నది. నిజమే, విలాయతుది కాదు. షార్జా ఇనుము, మావాని చేయి. వదులైందని తమవారు రాయలేదు, వంగిందనీ రాయలేదు. బాగున్నదాన్ని తీసివేయుట ఎందుకని నా మనవి.

5. కర్ర మీద ఎర్ర మరక గురించి అడిగారు. అయ్యా, రక్తం కాదు, కుంకుమ. దసరాకు మావాళ్ళు పనిముట్లకు పూజ చేస్తారు. మావాడు వంటింటి వెనక పానాలు, ఆకురాయి, సుత్తి వరుసగా పేర్చి, చివర తుపాకీని పెట్టాడు. నేను బొట్లు పెట్టుకుంటూ పోయి దానికీ పెట్టాను. తలెత్తితే బాబా గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నా పానం పోయింది. ఆయన, "ఔజార్ కో సలాం కర్తే హో? అచ్ఛా హై" అన్నారు. పనిముట్లకు దండం పెడుతున్నామని నేను చెప్పకముందే ఆయనకు తెలిసింది.

6. దసరా దాటినాక మా లింబాద్రి పనివాళ్ళు ఉండే క్యాంపులో నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. లీవరు బిగించాడు గాని తుపాకీ గాలిలోకి లేవడం చూడలేదు. నేను వాణ్ణి ఊరికి తీసుకపోయి, చేయవలసినవి చేసి, మళ్ళీ పనిలోకి వచ్చాను. ఏడ్వడానికి ఈ కాగితం రాయడం లేదు, ఆ ఏడ్పు అక్కడ అయింది. వాని బట్టలు పంచాము. పనిముట్లు కంపెనీవి, కంపెనీకి పోయినవి. వాడు చేసిన మిగతా సామానంతా ఏ లారీలలో ఏ రోడ్ల మీద తిరుగుతున్నదో. ఇదిగో అని నేను వేలు పెట్టి చూపగలిగింది ఆ సీల మాత్రమే.

కావున బొట్టు తుడవాలంటే తుడవండి, మళ్ళీ పెట్టగలను. తెల్లబడ్డ రేకు వంటింటి పొగకు అదే నల్లబడుతుంది. సీలను మాత్రం ఉన్నచోటనే ఉండనిచ్చి, హుమైద్ పెండ్లికి తుపాకీని అట్లాగే పంపవలెనని కోరుతూ, ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లింబాద్రి తల్లి అంజవ్వ

తా.క.: "ఖాలా, ఆఫీసర్‌కు ఇట్లాంటివి రాయరు" అని సమీనా అన్నది. అయినా రాస్తున్నాను. తమరు పెండ్లికి రావాలి, వంట నాదే. ఇంకొకటి. సీల కూర్చున్ననాడు మావాడు తుపాకీని నా చెవి దగ్గర పెట్టి, "ఇను అవ్వా" అని లీవరు గుంజాడు. టక్ మన్నది. మళ్ళీ గుంజాడు. బాబా గారు అడిగి తీసుకొని ఆయనా గుంజారు. హుమైద్ గుంజాడు. అన్నం చల్లారిపోతున్నదని నేను అరిచేదాకా ముగ్గురూ ఇడిచిపెట్టలేదు. సంతకం పెట్టే ముందు తమరు కూడా గది తలుపు దగ్గరికి వేసుకొని ఒక్కసారి గుంజి చూడండి. ఒక్కసారితో ఆపగలిగితే, సీల మార్పించండి.