పిడికిలి మాత, పంతొమ్మిది అన్యుల రాళ్ళు

రాయి చెక్కి బతికినవాడిని, డెబ్బై ఎనిమిదేళ్ళవాడిని, అందరిచేతా ఉలి పెద్దాయన అనిపించుకున్నవాడిని నేను. ఊపిరితిత్తుల్లో రాతిపొడి ఉందే తప్ప బుర్రలో లోపమేమీ లేదని డాక్టరు చేత రాయించుకుని, ఎవరి ఒత్తిడీ, ఎవరి ప్రలోభమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి. రెండూ కోపంలో రాసినవి, అవి చెల్లవు. ఇదీ కోపంలోనే రాస్తున్నాను గానీ ఈసారి వకీలు గారు పక్కన కూర్చున్నారు.

1. నేనుంటున్న ఇల్లు, అందులోని సామాను మా ఏకైక సంతానమైన అమ్మాయికి సర్వహక్కులతో చెందాలి. అమ్మా, వంటింటి కిటికీ రెక్కను కాస్త పైకెత్తి పట్టుకుని వేస్తేనే గడియ పడుతుంది. బాగుచేస్తానని మీ అమ్మకు ముప్పై ఏళ్ళు చెప్పాను. ఇక చేయను.

2. పద్నాలుగు ఉలులు, మూడు సుత్తులు, నూరుడు రాయి కూడా అమ్మాయికే. సమాధి రాళ్ళ మీద అక్షరాలు నాకంటే నువ్వే బాగా చెక్కుతావు. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. పొగిడితే చెడిపోతావనుకున్నాను. అది నా తప్పే. నా రాయి మీద అక్షరాలు నువ్వే చెక్కు, తక్కువ చెక్కు.

3. రాతిపని షెడ్డు, అందులో ఉన్నది ఉన్నట్టుగా, గుడిలో, అదే మన చర్చిలో, ఉపదేశి అయిన మా తమ్ముడికి. ఇది మనసొప్పి ఇస్తున్నది కాదు. షెడ్డు అన్నదమ్ములిద్దరి చేతుల్లో తిరగాలని పోయేముందు నాన్న నాచేత మాట తీసుకున్నాడు. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్నదాంట్లోనే ఉంది తంటా అంతా. గుడి వెనక కొత్త హాలుకు కాలవ తవ్వినప్పుడు బయటపడ్డ పంతొమ్మిది పాత రాళ్ళు ఆ షెడ్డులో ఉన్నాయి. ఒక ఎద్దు తల, ఒక ఆడమనిషి మోచెయ్యి, దేవుళ్ళ పేర్లు చెక్కిన బలిపీఠాలు. షెడ్డు చేతికొచ్చిన రోజే వాటిని కంకర కొట్టించి హాలు నేలకింద పోయిస్తానని తమ్ముడు సంఘం మీటింగులో ప్రకటించాడు. అన్యుల రాళ్ళట, మన మతం రాకముందు ఇక్కడ మొక్కినవాళ్ళవి.

4. ఈ నిబంధన కింద ఎవరికీ ఏమీ రాదు. అయినా చదవాలి.

పదకొండేళ్ళ క్రితం తమ్ముడు మన మతం పుట్టుక మీద ఉపన్యాసమిచ్చాడు. మనవాళ్ళు అన్యుల దగ్గర గుండుసూది కూడా తీసుకోలేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడు చెయ్యి ఆనించుకున్న దిమ్మె తలకిందులుగా పాతిన పాత బలిపీఠమే. నేను పైకే నవ్వాను. అప్పట్నుంచి మాటల్లేవు.

గుండుసూది మాటేమో గానీ, సూర్యుడి తల చుట్టూ ఉన్న వెలుగు తెచ్చి మన పునీతుల తలల వెనక పెట్టాం. సాంబ్రాణి వాళ్ళది, దీపం వాళ్ళది, గుడి స్తంభాలు మూడొంతులు వాళ్ళవి. రాయి ఒకటే, ఉలి ఒకటే. వాళ్ళు మొక్కితే విగ్రహం, మనం మొక్కితే స్వరూపం. అలాగని అన్యులు అమాయకులేం కారు. వాళ్ళ బలిపీఠాల వెనక అంతకంటే పాత పేర్లు గీకేసిన గుర్తులు నా వేలికి తగిలాయి. వాళ్ళూ తాతల సొమ్ములాగానే అనుభవించారు. ఒక్కటి మాత్రం మనవాళ్ళకు దక్కాలి. అక్కర్లేదని బయట పారేసిన పసికందులను ఎత్తుకుని పెంచింది ఈ కొత్తవాళ్ళే. తమ్ముడు ఆ సంగతి చెప్పి ఉంటే నేను నవ్వేవాడిని కాదు.

5. నా బీరువాలో లక్కతో మూసిన కవరుంది. అది అమ్మాయికి. అందులో బొటనవేలంత రాతిముక్క ఉంటుంది, దాని కథ ఇది.

నలభై ఏళ్ళ క్రితం గుడిలోని మాత స్వరూపం కింద పడి ముక్కలైంది. అదే వారం గంటగోపురం పునాదిలో నాకొక రాతి తల్లి దొరికింది. ఒళ్ళో బిడ్డ, కుడిచేతిలో ధాన్యపు కంకి. అప్పటి ఫాదర్ గారు, ఇప్పుడు లేరు, చూసి చాలాసేపు ఆలోచించి, కంకి తీసేస్తే సరిపోతుందేమో చూడమన్నారు. తీసేశాను. కానీ మూసి ఉన్న పిడికిలిని తెరిచిన చెయ్యిగా మార్చడం నాచేత కాలేదు. అందుకే లోకంలో ఎక్కడా లేని విధంగా మన మాత పిడికిలి బిగించి కూర్చుంది. జనం దానికీ అర్థం కనిపెట్టారు. ఆ పిడికిలిలో మన ప్రార్థనలు భద్రంగా ఉంటాయని తమ్ముడు ఏటా ప్రసంగిస్తాడు. వేళ్ళ సందుల్లో చీటీలు దూరుస్తారు. నా చేతకానితనానికి ఇంత భక్తి దొరుకుతుందని నేననుకోలేదు.

అమ్మా, నీకు నాలుగేళ్ళప్పుడు జ్వరం దిగక ఆస్పత్రివాళ్ళు చేతులెత్తేస్తే, మీ అమ్మ కూడా అందులో చీటీ పెట్టింది. ఆ వేళ్ళను గీకింది నా ఉలేనని తెలిసి కూడా ఆమె పక్కన మోకరిల్లాను. దొంగ మొక్కు కాదది. ఎవరికి మొక్కానంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

షరతు ఏమిటంటే, మీ బాబాయి ఆ పంతొమ్మిదింట్లో ఒక్క రాయి మీద సుత్తి వేసినా, ఆదివారం పూజలో అందరూ చూస్తుండగా నువ్వు వెళ్ళి ఆ కంకిని మాత పిడికిలికి ఆనించాలి. అతుకు వెంట్రుక కూడా దూరనంతగా కుదురుతుంది.

6. పైన చెప్పినవాటిలో ఎవరి వాటా ఏ కారణంగా చెల్లకపోయినా, అది అమ్మాయికే చెందాలి.

7. సంతకాలకు ముందు చేర్చినది. రెండో సాక్షిగా రావలసిన తాళాల రిపేరు ఆయన రాలేదు. బదులుగా తమ్ముడు వచ్చాడు. నేను పోతున్నానని ఎవరో చెప్పారట. వీలునామా మొత్తం వాడికి వినిపించమని వకీలు గారిని నేనే అడిగాను. మొహం ఎలా మాడిపోతుందో చూడాలని నా ఆశ. ఐదో నిబంధన అయ్యేదాకా వాడు తలెత్తలేదు. అప్పుడు అడిగాడు.

"ఆమె చేతిలో కంకా ఉండేది, అన్నయ్యా?"

అవునన్నాను.

"అయితే తిండి పెట్టే తల్లే," అన్నాడు.

తరవాత తనే సాక్షి సంతకం పెడతానన్నాడు. వకీలు గారు కంగారుపడి, సాక్షిగా సంతకం పెట్టినవాడికి వీలునామాలో వాటా చెల్లదని, షెడ్డూ రాళ్ళూ చేజారి ఆరో నిబంధన ప్రకారం అమ్మాయికి పోతాయని చట్టం విప్పి చెప్పారు. గుడి కాగితాలు ఏళ్ళతరబడి చూస్తున్నవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? తెలుసన్నట్టు తలాడించి కలం కోసం చెయ్యి చాచాడు. రాళ్ళు పగలగొట్టనని మాత్రం నోటితో అనలేదు. అంటే మీటింగులో పరువేం కాను?

ఐదో నిబంధన కొట్టేయడం లేదు. ఉపదేశుల మనసులు మారుతుంటాయి.

ఇందులో రాసినదంతా చదివి, విని, నా ఎరుకలో ఒప్పుకుని చేసిన సంతకం. ఈ నెల పదిహేడో తేదీ, గురువారం, మధ్యాహ్నం.

(సంతకం) ఉలి పెద్దాయన

మొదటి సాక్షి: ఎదురింటి దర్జీ

రెండో సాక్షి: తమ్ముడు, ఉపదేశి. తన వాటా పోతుందని తెలిసి సంతకం చేసినవాడు