నేను చూడని అతుకు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. ఆ మాటని అంతవరకే తీసుకో.

అమ్మ కంటి ఆపరేషన్ గురించి అడిగావు. బాగానే జరిగింది. కట్టు విప్పగానే నా మొహం చూసి "ఇంత ముసలిదానివైపోయావేమిటే!" అంది. డాక్టరుతో సహా అందరూ నవ్వారు, నేను తప్ప. నీ మేనకోడలికి ముందుపన్ను ఊడింది. దాన్ని కవరులో పెట్టి మామయ్యకి పంపమని ఒకటే గొడవ.

ఇక నీ రెండో ప్రశ్న. ఇళ్ల సందులు పూడ్చే పనికి నీకున్న లైసెన్సు ఆపించింది ఎవడో చెప్పు, వాడి అంతు చూస్తానన్నావు. ముందు దర్జీ తాత ఇంటి సంగతి విను.

చలి లోపలికి రాకుండా, హీటరుకి గ్యాసు తక్కువ కాలేలా ఆ ఇంటి సందులన్నీ పూడ్చావు. పని ముచ్చటగా ఉంది, కాదనను. కానీ హీటరు వెనక పూడుస్తున్నప్పుడు పొగగొట్టం అతుకు దగ్గర జారింది. సందులు పూడ్చకముందైతే ఆ పొగ ఏ కిటికీ సందులోంచో బయటికి పోయేది. నువ్వు ఒక్క సందూ మిగల్చలేదు కదా, కంటికి కనపడని ఆ విషపు గాలి ఇంట్లోనే నిలిచిపోయింది.

చలికాలమంతా తాతా మామ్మా తలనొప్పి మాత్రలు మింగారు. వయసు మీద పడిందనుకున్నారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం తాత బయటినుంచి వచ్చేసరికి మామ్మ కుట్టుమిషను మీద తలవాల్చి పడి ఉంది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. తాతని గుర్తుపట్టడం లేదు.

"మా అక్క స్వయంగా చూసి సంతకం పెట్టింది. తప్పుంటే వదిలేదే కాదు" అని, ఆ ఇంటి పని గురించి అడిగిన మా ఆఫీసుకి నువ్వు జవాబు రాశావట. దాన్ని నాచేతే చదివించారు. సగంలోనే ఆపి కాగితం మడిచి ఇచ్చేశాను.

నువ్వు చేసిన పని తనిఖీ చెయ్యడమే నా ఉద్యోగం, కానీ నేను చూడలేదురా. తలుపులన్నీ మూసి, హీటరు వెలిగించి, పొగ బయటికే పోతోందా అని చూడాలి. పదినిమిషాల పని. తాత ఇచ్చిన టీ తాగుతూ "మా తమ్ముడు చేశాక ఇంక చూసేదేముంది తాతా!" అని గొప్పలు పోయి, కాగితం నిండా టిక్కులు కొట్టేశాను. పరాయివాళ్ల పనైతే గోడలు గోరుపెట్టి గీకేదాన్ని. ఈ పని నీకు నేర్పింది నేనే అన్న పొగరు నాది.

నువ్వు పూడ్చగా, అలా నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టిన ఇళ్లు ఇంకా పదకొండు ఉన్నాయి. అన్ని గుమ్మాలూ ఎక్కి "మీ ఇల్లు నేను చూడలేదమ్మా, హీటరు ఆపండి" అని చెప్పి వచ్చాను. ఒకావిడ నెలల బిడ్డని దుప్పట్లో చుట్టి నా మొహం మీదే తలుపేసింది. ఆ తర్వాతే ఆఫీసుకి ఉత్తరం రాశాను. అందులో ముందు నా పేరు, తర్వాత నీ పేరు. నా ఉద్యోగం పోయింది. దానికి నాకు బాధ లేదు. నీ పేరు మాత్రం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

ఎక్కడెక్కడ ఏం పూడ్చావో నీకే తెలుసు. నువ్వొచ్చి విప్పి చూపించేదాకా ఆ హీటర్లు వెలిగించడానికి వీల్లేదు. నా అంతు తర్వాత చూద్దువు గాని, ముందు బయల్దేరు. దుప్పట్లో ఉన్న ఆ నెలల బిడ్డ చలిలో ఉంది.

ఇట్లు,
నీ మీద ఫిర్యాదు రాసిన
నీ అక్క