వంటింట్లో బిగించిన రింగులు

మైదుకూరు,
శుక్రవారం.

కువైట్‌లో ఉన్న నా భర్త క్రాంతి కుమార్ గారికి, ప్రభువు పేరిట వందనాలు చెప్పి కృపారాణి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అత్త క్షేమం, మీ తమ్ముడు అరుణ్ మరీ క్షేమం. మీరు కూడా అక్కడి ఎండలకు తట్టుకుని బాగున్నారని అనుకుంటున్నాను.

సెలవుకు వచ్చిన వసంతకుమార్ అన్న మీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. పెళ్లయినప్పటి నుంచి మీరు నాకు రాసిన మొదటి ఉత్తరం. కవరుకు గమ్ము అంటించి, పైన టేపు కూడా వేశారు. రోజూ వీడియోలో కనిపించే మనిషి ఉత్తరం ఎందుకు రాశాడా అని భయపడుతూ విప్పాను. చదివాక అర్థమైంది. ఆ మాట నా మొహం చూస్తూ మీరు అడగలేరు. నేనూ ఫోన్‌లో జవాబు చెప్పలేను, అత్త పక్కనే కూర్చుని "స్పీకర్ పెట్టు పాపా" అంటుంది. రేపు వసంతకుమార్ అన్న తిరిగి ప్రయాణం. ఆయన సంచిలో ఊరగాయ సీసా పక్కన ఇది పెట్టి పంపుతున్నాను.

అత్త మోకాళ్ల గురించి అడిగారు. మెట్లు దిగేటప్పుడు నొప్పి అంటుంది, చర్చికి పోయేటప్పుడు అనదు. కడప డాక్టరు రాసిన మాత్రలు మానకుండా వేసుకుంటోంది. వానలు పడ్డాయా అని అడిగారు. పడలేదు. మబ్బు పడుతుంది, మన ఊరిని చూసి పక్కకు పోతుంది. ఓవెన్ బాగా పనిచేస్తోందా అని కూడా అడిగారు. నేను బాగా పనిచేస్తున్నానా అని అడగలేదు కానీ, ఇద్దరం పనిచేస్తున్నాం.

క్రిస్మస్ కేకుల కోసమని కొన్న ఓవెన్ అది, గుర్తుందా? రెండు పండగలకు కేకులు చేశాను. తర్వాత మీరు కర్నూలులో ఎవరో చేస్తుంటే చూసి వచ్చి, ఇంటి ముందర షాపు పెట్టి కార్ల హెడ్‌లైట్లలో ఎల్ఈడీ రింగులు పెట్టే పని మొదలుపెట్టారు. హెడ్‌లైటును ఓవెన్‌లో కాసేపు వేడి చేస్తే అద్దం చుట్టూ ఉన్న నల్ల బంక మెత్తబడుతుంది. అప్పుడు ఓపిగ్గా, కొంచెం కొంచెంగా అద్దాన్ని విడదీయాలి. మీకు ఓపిక ఎక్కడిది? స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క లాగు లాగేవారు, అద్దం అంచు విరిగేది. ఒకనాడు చెయ్యి కాల్చుకుని "ఇదో, నువ్వు పట్టుకో" అని నా చేతికిచ్చారు. ఆ రోజు నుంచి పట్టుకునే ఉన్నాను. ఆ ఓవెన్‌లో మళ్లీ కేకు చేస్తే బంక వాసన వస్తుందని అత్త ఇప్పటికీ నన్నే తిడుతుంది.

కువైట్ పోయే ముందు షాపుకూ వంటింటికీ మధ్య కర్టెన్ కట్టింది మీరే. "ఆడమనిషి బిగిస్తాందని తెలిస్తే ఒక్క కారు గూడ రాదు కృపా" అన్నారు. నేనూ సరే అన్నాను. ముందర అరుణ్ బంపర్ విప్పి, హెడ్‌లైటు ఊడదీసి కర్టెన్ కింద నుంచి లోపలికి తోస్తాడు. నేను వేడి చేసి, అద్దం తీసి, రింగు అతికించి, వైరు వెనక నుంచి బయటికి తెచ్చి, పాత బంక అంతా గీకి, కొత్త బంక వేసి మూస్తాను. ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లు పోసి చూసి, చుక్క లోపలికి పోలేదని తేలాకే బయటికి పంపుతాను. కారుకు ఎక్కించి స్విచ్ వేస్తే రెండు తెల్లటి రింగులు గుండ్రంగా వెలుగుతాయి. కుర్రాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పట్టుకుంటారు. "రింగులంటే అరుణన్న చెయ్యి పడల్లప్పా" అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అని నేను లోపల నవ్వుకునేదాన్ని. నిజంగానే నవ్వుకునేదాన్ని, అప్పట్లో.

నాగసుబ్బయ్య గారి కొడుకు కళ్యాణ్ పెళ్లి కారు సంగతి మీకు అత్త చెప్పింది, అరుణ్ చెప్పాడు. ఇద్దరూ ఒకే కథ చెప్పారు కాబట్టి నమ్మినట్టు ఉండడం మీకు సులువైంది. నేను ఊళ్లో లేను. మా మేనత్త చనిపోతే వేంపల్లె పోయాను. నేను వచ్చేదాకా ఏ హెడ్‌లైటూ విప్పొద్దని అరుణ్‌కు మరీ మరీ చెప్పి పోయాను. కళ్యాణ్ తొందర పెట్టాడట. మీ తమ్ముడికి కూడా, ఇన్నాళ్లూ అందరూ పొగుడుతుంటే తనకు నిజంగానే వచ్చునని అనిపించినట్టుంది. తనే చేశాడు. పాత బంక గీకలేదు, దాని మీదే కొత్తది పూశాడు, ఆరకముందే కారుకు బిగించి ఇచ్చేశాడు.

పెళ్లినాడు వాళ్లు కారు కడిగి, పసుపు నీళ్లు చల్లి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ పసుపు నీళ్లు సందులోంచి లోపలికి దిగాయి. ఊరేగింపు బజారులోకి వచ్చేసరికి కుడి హెడ్‌లైటు కామెర్లొచ్చిన కన్నులాగా పచ్చబడి, టపటపా కొట్టుకుని, రింగూ లైటూ రెండూ ఆరిపోయాయి. జనం నవ్వారు. నవ్వితే అక్కడితో పోయేది. "పెండ్లి బండికి కన్ను పాయనే" అని ఎవరో ముసలాయన అన్నాడట. ఆ మాట తిరిగి తిరిగి కొత్త కోడలి మీదికి పోయింది. ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి.

నాగసుబ్బయ్య గారు షాపు ముందుకు వచ్చి నిలబడిన పూటే నేను వేంపల్లె బస్సు దిగాను.

"ఎవురు చేసినారప్పా ఈ పని? నాకు పేరు చెప్పల్ల. మా కోడలు అన్నం ముట్టకుండా ఏడుస్తాండాది ఈడ."

"మా ఒదిన చేసింది సార్" అన్నాడు అరుణ్. "మా ఇంట్లో ఓవెన్ ఉండాది, తనే చేస్తానంటే ఇచ్చినా. నాదే తప్పు, ఇయ్యకుండా ఉండాల్సింది."

సంచి చేతిలో పట్టుకుని అక్కడే, రోడ్డు మీద నిలబడి విన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నా బాగుండేది, బంక మంచిది కాదన్నా బాగుండేది. నేను అత్త వైపు చూశాను. అత్త నా వైపు చూసింది, తర్వాత తన చెప్పుల వైపు చూసుకుంది. నేను ఏమీ అనకుండా లోపలికి పోయాను. అప్పుడే నోరు విప్పాల్సింది.

తర్వాతిది మీకు తెలుసు. కోయిలకుంట్ల దాసన్న గారు అప్పటికే తన కూతురు ప్రసన్నకుమారిని అరుణ్‌కు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. కారు సంగతి విని, చెడగొట్టింది పిల్లోడే అయితే పిల్లనియ్యనన్నాడు. "చేతిలో పనుండాదనే గదప్పా ఇస్తాండేది, ఆ పనే రాదంటే ఏం చూసి ఇయ్యల్ల?" అన్నాడు. అప్పుడు వచ్చింది మీ ఉత్తరం. నాగసుబ్బయ్య గారి ఇంటికి పోయి, దాసన్న గారి ముందర, ఆ తప్పు నాదేనని నా నోటితో చెప్పమని రాశారు. "ఒక్క మాటే కదా, నీకు పోయేదేముంది, నువ్వు ఈ పని చేస్తావనే ఎవరికీ తెలియదు" అని రాశారు.

నాకు పోయేదేముందో చెప్తాను, మీకు నిజంగా తెలియకపోతే. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో నా పేరు మీద ఉన్న పని ఒక్కటే ఒక్కటి. అది నేను చెయ్యనిది.

అయినా మీరు చెప్పినట్టే చేశాను. వాళ్ల వసారాలో, దాసన్న గారి ఎదుట నిలబడి "అవును సామీ, నేనే చేసినా. తెలీక చేసినా" అన్నాను. నాగసుబ్బయ్య గారు చెడ్డవాడు కాదు, "పోనీలేమ్మా. ఇంగ ఆ జోలికి పోవాకు. ఆడోళ్లకు ఎందుకు చెప్పు ఈ పన్లు" అన్నాడు. గడప లోపల ఆయన కోడలు నిలబడి ఉంది. నా మాట విని ఆ పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది. తన మీది మాట ఇంకొకరి మీదికి పోయినందుకు ఎంత తేలికపడిందో పాపం. ఆ రోజు నా వల్ల జరిగిన మంచి అదొక్కటే, దానికి మాత్రం నాకు బాధ లేదు.

తిరిగి వస్తుంటే దారిలో అరుణ్ "శానా థ్యాంక్స్ ఒదినా" అన్నాడు. చాయ్ తాగుతావా అని అడిగాడు. ఇంటికి వచ్చి చీర కొంగుతో మొహం తుడుచుకునేలోపల కర్టెన్ కింద నుంచి రెండు హెడ్‌లైట్లు లోపలికి వచ్చాయి. "ఎల్లుండికి ఇయ్యల్ల ఒదినా, కొంచెం బిరీన చూడు." ఇంక ఆ జోలికి పోనని ఊరి ముందర తల ఊపి వచ్చి గంట కాలేదు.

మీరు అత్త ఫోనుకు "దేవునికి స్తోత్రం" అని మెసేజ్ పెట్టారు. అత్త నాకు చూపించింది. నా ఫోనుకు ఏమైనా వస్తుందని ఆ పూటంతా చూశాను. కోపం కన్నా ముందు సిగ్గేసింది నాకు, ఇంకా ఎదురుచూస్తున్నానే అని.

ఇంతవరకూ మీకు తెలిసిన కథే. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను.

మూడు ఆదివారాలు చదవాల్సిన అరుణ్ పెళ్లి ప్రకటన పోయిన ఆదివారం మన చర్చిలో మొదటిసారి చదివారు. ఆరాధనకు దాసన్న గారు, ఆయన భార్య, ప్రసన్నకుమారి వచ్చారు. అందరూ మన ఇంట్లోనే భోజనం చేశారు. తర్వాత గిన్నెలు తోమడానికి సాయం చేస్తానని ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. మంచి పిల్ల, ముద్దుగా మాట్లాడుతుంది. కిటికీ కింద ఆరబెట్టిన హెడ్‌లైటు ఉంది. దాన్ని చూపించి నేను మొత్తం చెప్పేశాను. ఈ పని ఎవరు చేస్తారో, కళ్యాణ్ కారు ఎవరు చెడగొట్టారో, నేను ఆ వసారాలో ఎందుకు అబద్ధం చెప్పానో, ఏదీ దాచలేదు.

ఆ అమ్మాయి మేలు కోరి చెప్పాననుకోకండి. ఆ పెళ్లి చెడిపోవాలని చెప్పాను. అరుణ్ తల దించుకోవాలని, అత్త ఏడవాలని, అక్కడ మీకు అన్నం సహించకూడదని చెప్పాను. అంత విషం నాలో ఉందని చెప్పేదాకా నాకే తెలియదు.

ప్రసన్నకుమారి గిన్నె తోమడం ఆపలేదు.

"తెల్సక్కా" అంది. "మొదటి తూరి వచ్చిన దినమే తెలిసిపాయ. ఆయప్ప చేతుల మీద ఒక్క కాలిన మచ్చ లేదు. నీ చేతులు చూస్తే తెలీదా?"

"మరి మీ నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు చెప్పల్లక్కా? ఆయప్ప తాగడు, ఒకరి జోలికి పోడు. మంచోడే. ఇంగ పనంటావా, నువ్వుండావు గదా లోపల. నువ్వుండంగ నాకేం బయం?"

అని తడి చేతులు తుడుచుకుని, నా తలలో చెదిరిన వెంట్రుకలు సర్ది, "పెండ్లయినంక నేను గూడ నీకు సాయం చేస్తాలే, ఇద్దరం ఈడనే కూర్చోని చేసుకుందాం" అంది.

ఆ మాటలో వంకర లేదు. ప్రేమగానే అంది. అందుకే నాకు ఒళ్లంతా మండింది. మీ ఇంట్లో నా పనిని చూడాల్సినట్టు చూసిన మనిషి ఆ పిల్ల ఒక్కతే, అదీ సంతలో ఎద్దును చూసినట్టు. ఈ సంబంధం అరుణ్‌ను చూసి కుదరలేదు, నన్ను చూసి కుదిరింది. మీ తమ్ముడు ఒకామెకు మొగుడవుతాడు, ఆ ఇద్దరికీ, రేపు పుట్టే పిల్లలకూ కూడు మాత్రం నేను పెట్టాలి, అదీ నా పేరు బయటికి రాకుండా. ఇది మీ అందరికీ ముందే తెలుసు. తెలియనిది నాకే.

నేను ఉండను. వేంపల్లెలో కార్లకు సామాన్లు బిగించే షాపు దేవేంద్రప్పది ఒకటి ఉంది, మా మేనమామకు తెలిసినవాడు. ఫోన్ చేసి అడిగాను. ఆడమనిషినని చెప్పాను, రోడ్డుకు కనబడేటట్టే కూర్చుని చేస్తానని కూడా చెప్పాను. ఆయన రమ్మన్నాడు. వచ్చే నెల పోతున్నాను. అత్త మాత్రలు రెండు నెలలకు సరిపడా తెచ్చి పెట్టి పోతాను.

ఈ మాట ప్రసన్నకుమారికి చెప్పాలని వారమంతా చూశాను. ఫోన్ తీసుకుంటాను, మళ్లీ పెట్టేస్తాను. నన్ను నమ్మి పెళ్లి చేసుకుంటున్న పిల్లతో నేనుండనని చెప్పడానికి నోరు రావడం లేదు. కాబట్టి మీరు చెప్పండి. దాసన్న గారికి మీరే ఫోన్ చేసి, కళ్యాణ్ కారు చేసింది అరుణ్ అని, షాపు పని అంతా నాదని, ఇంక నేను అక్కడ ఉండనని చెప్పండి. అప్పటికీ పిల్లనిస్తానంటే సంతోషం. మీ తమ్ముడు పెళ్లి చేసుకోవడానికి నేను అడ్డు కాదు, నన్ను కూడా అందులో కలిపి కట్టబెట్టడానికే అడ్డు.

మొదటిసారి పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవారు ఎవరైనా ఉంటే సంఘానికి తెలపమని పాస్టరయ్య అడిగినప్పుడు నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎల్లుండి రెండోసారి చదువుతారు. ఈ ఉత్తరం మీకు అందాలి, మీరు ఆలోచించుకోవాలి, అందుకని ఎల్లుండి కూడా అట్లాగే కూర్చుంటాను. మూడో ఆదివారం లోపల మీ ఫోను దాసన్న గారికి పోకపోతే, ఆ రోజు ఆడవాళ్ల వరుసలోంచి ఒక మనిషి లేచి నిలబడుతుంది. ఎవరని మీరు అత్తను అడగాల్సిన పని లేదు.

ఇట్లు,
మూడో ఆదివారం దాకా మాట్లాడని
మీ భార్య
కృపారాణి