శనివారం మ్యాట్నీకి బాపు

బోధన్

బిడ్డా ఆశా,

ప్రభువు దయ నీ మీద ఉండాలె. దీవించి రాస్తున్న. ఇక్కడ అమ్మ, తమ్ముడు ఎజ్రా, నేను అందరం మంచిగనే ఉన్నం. పుణెల దవాఖాన డ్యూటీలు, నీ పాణం ఎట్లున్నయో రాయి.

బాపు ఫోన్ ఎత్తుతలేడని నువ్వు రాసిన చిట్టీ అందింది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. ఎడపల్లి పొలంల ఈసారి గూడ వరే ఏసినం. చక్కెర ఫ్యాక్టరీ బందయినంక చెరుకు ఎవలకని పెడతం?

శనివారం శనివారం నిజామాబాద్ ఏం పనికి పోతున్నవని అడిగినవ్. సినిమాకు బిడ్డా. నవ్వకు. ఆకాశంల నుంచి ఇనుప రాక్షసులు దిగుతయి, ఊర్లకూర్లు కూలగొడతయి, పేలుడు మీద పేలుడు. తల లేదు, తోక లేదు. గిసొంటిది సూస్తానని నాకే సిగ్గైతది. మళ్ల శనివారం రాంగనే బస్సెక్కుత.

పదో తరగతిల, ఈస్టర్ ముంగటి ఉపాసాల శ్రమల దినాలల్ల సినిమాకు పోయినవని నిన్ను చర్చి మెట్ల మీద అందరి ముంగట తిట్టిన. నువ్వు ఏడ్చుకుంట ఇంటికి నడిచినవ్. గా బాపే ఇయ్యాల ఉపాసం ఉండి మ్యాట్నీకి పోతున్నడు. నన్ను క్షమించు తల్లీ.

ఇంకొకటి దాచిన, అమ్మను గూడ నీకు చెప్పనియ్యలే. నాకు చెవులు పోయినయి. ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు చెరుకు మిల్లు పక్కన నిలవడ్డ చెవులాయె. చర్చిల అప్పట్ల నువ్వు పాడే పాట వస్తే అందరితోటి నిలవడి పెదవులు కదుపుత, అంతే. అమ్మ మొఖం, పెదవులు సూసి ఏమంటుందో తెలుసుకుంట. ఒక్క గా టాకీసుల్నే కుర్సీ అదురుతది, చప్పుడు ఛాతిల కొడతది. మిల్లు మళ్ల తిరుగుతున్నట్టే ఉంటది. గంతసేపు నేను చెవిటోన్ని కాదు.

అరుణ్‌ను పెండ్లి చేసుకుంటనని నువ్వు ఫోన్ల చెప్పిన రోజు "సరే తియ్" అని ఫోన్ అమ్మకిచ్చిన. బాపుకు కోపమనుకొని ఆరు నెలలాయె నువ్వు ఇంటికి రాక. కోపం కాదు బిడ్డా. నువ్వన్నది ఒక్క మాట ఇనవడలే. సంగతి అమ్మ చెప్పినంక తెలిసింది. నేనే మళ్ల ఫోన్ చేద్దమంటే నువ్వేమంటవో ఇనవడదాయె. చెవులు పోయినయని చెప్పుకునేతందుకు సిగ్గు అడ్డమొచ్చింది.

ఈస్టర్‌కు ఆ పిల్లగాన్ని తోల్కొని రా. నా ఎదురుంగ కూసొని, నా మొఖం సూసుకుంట, మెల్లగ మళ్లొక్కసారి అడుగు. ఈసారి ఇని సరే అంట.

ఇట్లు,
నీ మీద ఎన్నడు కోపం లేని
నీ బాపు
దేవయ్య