పొద్దుటి షిఫ్టు పైకి రాకముందే

నాయనా,

నువ్వు పోయి ఇన్నేళ్లయినా, ఈ కబురు నీకు చెప్పేదాకా నా మనసు ఆగడం లేదు! తమ్ముడు మునిరాజు చేతులు ఇప్పుడు వణకడం లేదు.

నీకు వచ్చిన మనోవ్యాధే వాడికీ వచ్చింది. నీలాగే మాత్ర పడితే చాలు, చేతులు వణికి, మెడ బిగుసుకుపోయి మనిషి కొయ్యబారిపోయేవాడు. బెంగళూరులో ఒక డాక్టరమ్మ వాడి రక్తం తీసి జన్యు పరీక్షకు పంపింది. పోయిన నెల ఫలితం వచ్చింది.

"ఈయప్ప ఒంట్లో ఈ మందు శానా నిదానంగా అరుగుతాదమ్మా. పుట్టుకతోనే అట్లుండాది. పొద్దుటి మాత్ర పోకముందే రాత్రిది వచ్చి చేరతా ఉండాది" అంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బంగారు గనిలో పనిచేసినవాడివి, మాత్ర ఇచ్చినప్పుడల్లా నువ్వేమనేవాడివి? "పొద్దున దిగిన షిఫ్టు ఇంగా పైకే రాలేదు, అప్పుడే ఇంగో షిఫ్టును దించుతారేమమ్మా?" అనేవాడివి. జబ్బు ముదిరి అట్లా మాట్లాడుతున్నావని అప్పటి డాక్టరు మోతాదు పెంచాడు.

ఆ మాట చెబితే డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసి, "అదేనమ్మా, అదే!" అంది.

మునిరాజుకు మందు మార్చింది. వాడు మళ్లీ కోలారు టమాటా మార్కెట్టుకు పనికి పోతున్నాడు. ఈ సాయంత్రం తనే టీ కాచి, గ్లాసులో అంచుదాకా పోసి, వంటింట్లోంచి వాకిలిదాకా నడిచొచ్చాడు.

"చూడక్కా, ఒక్క చుక్క కూడా ఒలకలేదు!"

నీ చేతులు వణుకుతాయని అమ్మ నీకెప్పుడూ అర గ్లాసే పోసేది, నాయనా.