ఎడమ పక్క మానిటర్

మంగళవారం

ఈయన లారీ గేమ్ ఆడే మూడు మానిటర్లలో ఎడమ పక్కది ఇవాళ పోయింది. లారీ నడుపుతూ యాక్సిడెంట్‌లో కాలు పోగొట్టుకున్నాక, ఆ గేమ్ స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడే ఈయన కాస్త మనిషిలా ఉండేది.

తిరువూరు షాపులో అడిగాను. "మీ కంప్యూటర్‌లో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు, మానిటర్లు మూడూ ఒకేలాంటివైతేనే ఒకే తెరలా కలుపుతుందండి. మీ మానిటర్ మోడల్ ఇప్పుడు రావట్లేదు. రకరకాల మానిటర్లని కలిపే వేరే కంపెనీ కార్డు ఉంది గానీ, మీ పాత కంప్యూటర్‌లో పట్టదు" అన్నాడు.

ఇంటికొచ్చి, "మధ్యదాంతోనే ఆడండి" అన్నాను.

ఈయన స్టీరింగ్ వదిలేశారు. "ఆ రోజు కూడా ఎడమ పక్క చూసుకోలేదే" అన్నారు.

యాక్సిడెంట్ గురించి ఈయన నోరు విప్పడం ఇదే మొదలు. అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. రేపు విజయవాడలో పాత మానిటర్లమ్మే షాపులన్నీ తిరుగుతాను. ఎక్కడా దొరక్కపోతే ఈయన మళ్ళీ ఆ స్టీరింగ్ పట్టుకోరేమో...